ఘాట్‌లో హీటెక్కే బండి, కొండ మీద మెకానిక్ కొలువు

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే బండికి మలుపు మలుపుకూ ఫస్టు, సెకండు గేర్లే. ఇంజిన్ హోరెత్తుతుంది కానీ బండి మెల్లగా కదులుతుంది, రేడియేటర్‌కు ఎదురుగాలి చాలదు. ఫ్యానో, బెల్టో మొరాయిస్తే ఆవిరి కక్కుతూ ఆగిపోవడమే. పదో తరగతి పాసై, మన్యం వదలకుండా బతుకుతెరువు చూసుకోవాలనుకునే అరకు, పాడేరు పిల్లలు ముందుగా పట్టు సాధించాల్సిన పని ఈ కూలింగ్ సిస్టమే.

ఇంజిన్‌ను చల్లబరచడం దాని పనిలో సగమే. తగినంత వేడిలో నిలపడం మిగతా సగం. స్టార్ట్ చేసిన కొత్తలో థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది, కూలెంట్ ఇంజిన్‌లోనే తిరుగుతుంది. 80–90 డిగ్రీలకు చేరాక అందులోని మైనం కరిగి ఉబ్బి వాల్వును తెరుస్తుంది. అప్పుడు వేడి కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లి చల్లబడి వస్తుంది. బండి హీటెక్కుతోందని చాలాచోట్ల ఈ వాల్వునే పీకి పక్కన పెడతారు. అది వైద్యం కాదు. లంబసింగి చలిలో ఆ ఇంజిన్ సరిగా వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరిగిపోతుంది.

రేడియేటర్ మూతనూ చిన్నచూపు చూడొద్దు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత ఒత్తిడిని నిలిపి ఉంచబట్టే కూలెంట్ 110 దాటినా మరగదు. మూత లోపలి రబ్బరు వాషర్‌ను గోటితో నొక్కి చూడండి. గట్టిపడి, అంచున పగుళ్లు ఉంటే ముందు దాన్ని మార్చాలి. పట్టించుకోకపోతే హెడ్ గ్యాస్కెట్ దాకా వస్తుంది, బండి ఓనరు వేలకు వేలు పోసుకోవాలి. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం మూత తిప్పొద్దు, ముఖం కాలిపోతుంది.

నేర్చుకునే దారులున్నాయి. ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు 2 ఏళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా 3 ఏళ్లు, ఆపై ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ అయ్యాక షెడ్డులో చేరే తొందర వద్దు. ఆర్టీసీ డిపోల్లో స్టైపెండ్‌తో అప్రెంటిస్ చేయండి. రోజూ ఘాట్ ఎక్కి దిగే బస్సులు నేర్పేది ఏ పుస్తకమూ నేర్పదు.

ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఈ పని పోతుందన్న బెంగా అక్కర్లేదు. ఎన్నో ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా పంపు, రేడియేటర్, కూలెంటే.