పన్నెండు బొమ్మల కెమెరా

గత వేసవిలో బరంపురంలోని మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. మా మేనల్లుడు డిగ్రీ పూర్తి చేసి, అక్కడే ఒక స్టూడియోలో మూడేళ్ళుగా ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నాడు. స్వంతంగా పని మొదలుపెట్టాలని కొంత డబ్బు కూడబెట్టాడు. రాత్రి భోజనాలయ్యాక నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"మామయ్యా! డిజిటల్ ఎస్‌.ఎల్‌.ఆర్‌. కెమెరా ఒకటి అమ్మకానికి వచ్చింది. మా వీధి చివర పాత స్టూడియో తాతగారు తమ 120 కెమెరా కూడా ఇచ్చేస్తామంటున్నారు. రెండూ చేతులు మారినవే. ధర ఇంచుమించు ఒకటే. ఏది కొనమంటారు?"

నేను తెలుగు చదువుకున్నవాణ్ణే గాని కెమెరాల పండితుణ్ణి కాను. అయినా మా ఇంట్లో జరిగిన రెండు సంగతులు వెంటనే గుర్తుకు వచ్చాయి. అవి చెప్పే ముందు ఈ రెండు కెమెరాల సంగతి మీకు కొంత తెలియాలి.

120 అనేది ఒక ఫిలిం పేరు. కోడక్ సంస్థ దానిని 1901లో ప్రవేశపెట్టింది. ఈనాటికీ అది తయారవుతూనే ఉంది. దాని వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. చతురస్రాకారపు బొమ్మలైతే ఒక రోలులో పన్నెండే వస్తాయి. ఒక్కొక్క బొమ్మ పొడవు 56 మిల్లీమీటర్లు, వెడల్పూ అంతే. మన పెద్దలు వాడిన మామూలు 35 మిల్లీమీటర్ల ఫిలింలో బొమ్మ కొలత 36, 24 మిల్లీమీటర్లు. వైశాల్యాలు లెక్కగట్టి చూడండి. మొదటిది రెండవదానికి మూడున్నర రెట్లకు పైగా ఉంటుంది. పెద్ద చేలో ఎక్కువ పంట పండినట్లు, పెద్ద ఫిలిం మీద ఎక్కువ వివరం నిలుస్తుంది. ఇటువంటి కెమెరాలనే మీడియం ఫార్మాట్ కెమెరాలంటారు. మన స్టూడియోలవాళ్ళు మాత్రం "వన్ ట్వంటీ" అనే పిలిచేవారు.

తాతగారిది జపానులో తయారైన యాషికా. దానికి ముందువైపు ఒకదానిపై ఒకటిగా రెండు కటకాలుంటాయి. పై కటకం మనం చూడడానికి, క్రింది కటకం బొమ్మ తీయడానికి. తల వంచి పైనుండి గాజు పలకలోకి చూడాలి. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. మనిషి కుడికి జరిగితే కెమెరాలో ఎడమకు జరుగుతాడు! అలవాటు లేనివాడికి ఇదొక తమాషా.

ఎస్‌.ఎల్‌.ఆర్‌.లో చూడడానికీ తీయడానికీ ఒకే కటకం. లోపల ఏటవాలుగా ఉన్న అద్దం వెలుగును పైకి మళ్ళిస్తుంది. పట్టకం గుండా అది మన కంటిని చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి దారి ఇస్తుంది. అప్పుడు వెలుగు వెనుక ఉన్న సెన్సరు మీద పడుతుంది. సెన్సరులో కోట్ల కొలది చిన్న గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడి తనపై పడిన వెలుగును కొలిచి అంకెగా మారుస్తుంది. 1975లో కోడక్‌లో పనిచేసిన స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరాను నిర్మించినప్పుడు అందులో ఉన్నవి పదివేల గళ్ళే. ఒక బొమ్మను టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టింది. మా మేనల్లుడు చూచి వచ్చిన కెమెరాలో గళ్ళు 2 కోట్ల 40 లక్షలు.

ఫిలిం పని వేరు. దాని మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుగు సోకినచోట కంటికి కనిపించని మార్పు జరుగుతుంది. చీకటి గదిలో రసాయనాలతో కడిగితేనే బొమ్మ బయటపడుతుంది. అంతవరకు బాగా వచ్చిందో లేదో తీసినవాడికీ తెలియదు. చిన్నతనంలో నేనొకసారి తెలియక పట్టపగలు కెమెరా వెనుక తలుపు తెరిచాను. రోలంతా పాడైపోయింది. ఆ రోజు తిన్న చీవాట్లు ఇంకా మరువలేదు.

ఇక మా ఇంటి సంగతులు. మా నాన్నగారి పెళ్ళి 1964లో జరిగింది. పెళ్ళికంతటికీ ఒకే రోలు, పన్నెండే ఫోటోలు. 2011లో నాన్నగారు పోయిన తరువాత గోడకు పెట్టడానికి మంచి ఫోటో కోసం వెదికాము. పాత ప్రింట్లు చెమ్మ తగిలి మరకలు పడ్డాయి. కాని పెట్టె అడుగున నూనెకాగితపు కవరులో నెగటివులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందులో ఒకదాని నుండి ఒకటిన్నర అడుగుల ప్రింటు వేయించాము. నాన్నగారి కండువా అంచులోని పోగులు కూడా కనిపించాయి. హైదరాబాదు ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీనదయాళ్ గాజు పలకల మీద తీసిన నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ ఉన్నాయని చదివినప్పుడు నాకు మా పెట్టెయే గుర్తుకు వచ్చింది.

రెండవది మా అన్నయ్య కూతురి పెళ్ళి, 2014లో. ఫోటోలు పద్దెనిమిది వందలు. అన్నీ ఒక హార్డ్ డిస్కులో పెట్టి ఇచ్చారు. రెండేళ్ళకు ఆ డిస్కు పనిచేయడం మానింది. తీసినవారు కూడా అప్పటికే వాటిని చెరిపివేశారు. ఆల్బంలోని అరవై ఫోటోలే మిగిలాయి. ఇది కెమెరా తప్పు కాదు. మరొక ప్రతి తీసి వేరొక చోట దాచుకోనిది మేమే.

ఇదంతా విని మా మేనల్లుడు, "అయితే 120 కొనమంటారా?" అన్నాడు.

"తొందరపడకు. కాగితం తీసుకో," అన్నాను. 120 రోలు ధర, లాబులో కడిగించడం, స్కానింగు అన్నీ కలిపితే వెయ్యి రూపాయలకు తక్కువ కాదు. పన్నెండు పెట్టి భాగిస్తే ఒక్క ఫోటోకు 83 రూపాయలు. ఈనాటి పెళ్ళిలో రెండు వేల ఫోటోలు తీయమంటారు. అంటే లక్షా అరవై ఆరు వేలు! పెళ్ళివారు ఇచ్చేది అంతకంటె తక్కువే. పైగా ముహూర్తం తెల్లవారుజామున ఉంటుంది. మసక వెలుతురులో డిజిటల్ కెమెరాదే పైచేయి. తాళి కట్టే క్షణం మళ్ళీ రాదు, బొమ్మ వచ్చిందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి. ఎండలో మాత్రం జాగ్రత్త. వెలుగు మితిమీరితే డిజిటల్ ఫోటోలో తెల్లపంచె మడతలు పూర్తిగా మాయమవుతాయి, తరువాత ఎంత సవరించినా తిరిగి రావు. రంగు నెగటివు అటువంటి ఎక్కువ వెలుగును కొంత ఓర్చుకొంటుంది.

ఫిలిం దొరకడమూ మునుపటివలె లేదు. తమిళనాడులోని పిల్లలకు ఊటీ తెలుసు గదా! అక్కడ 1960లో స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ అనే ప్రభుత్వ సంస్థ "ఇందు" అనే పేరుతో ఫిలిం తయారుచేసేది. అది మూతపడింది. ఇప్పుడు 120 రోలు కావాలంటే విదేశీ సరుకు తెప్పించుకోవలసిందే.

లెక్క చూచాక వాడికి నేను చెప్పవలసింది ఏమీ మిగలలేదు. మరునాడే వెళ్ళి డిజిటల్ కెమెరా కొన్నాడు. దానితోపాటు హార్డ్ డిస్కులు రెండు కొన్నాడు.

తాతగారికి ఆ మాట చెప్పడానికి ఇద్దరమూ వెళ్ళాము. ఆయన ఏమీ అనుకోలేదు. "ఒక్క రోలు తీసి చూడు నాయనా, తరువాత తెచ్చి ఇద్దువుగాని," అని యాషికాను మా వాడి చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో మా అమ్మ అక్కయ్యగారింట్లోనే ఉంది. వాడు అమ్మమ్మను పెరటి అరుగు మీద కూర్చోబెట్టి, రెండు గంటలసేపు పన్నెండు ఫోటోలు తీశాడు. ప్రతి ఫోటోకు ముందు మీట మీద వేలు ఆనించి చాలాసేపు ఆగేవాడు. "ఎంతసేపురా!" అని అమ్మ విసుక్కొంది.

రోలు చెన్నై వెళ్ళి మూడు వారాలకు తిరిగి వచ్చింది. రెండు ఫోటోలు కదిలిపోయాయి. ఒకదానిలో అమ్మ కళ్ళు మూసింది. మిగిలిన తొమ్మిదీ బాగున్నాయి. ఆ నెగటివులను 1964 నాటి నూనెకాగితపు కవరు ప్రక్కనే పెట్టాము.

ఆలోచించి రాయండి

1. ఒక రోలుకు 1,200 రూపాయలు ఖర్చయితే, 120 కెమెరాతో తీసిన ఒక్క ఫోటోకు ఎంత పడుతుంది?
2. మేనల్లుడు రెండు హార్డ్ డిస్కులు ఎందుకు కొన్నాడు?
3. మీ ఇంట్లో ఉన్న అతి పాత ఫోటో ఏది? ఎవరు, ఎప్పుడు తీయించారో పెద్దలనడిగి పది వాక్యాలు రాయండి.