పావుగంట మాటలతో తాగుడు తగ్గుతుందా?

ప్రశ్న: మా అన్నయ్య రోజూ ఇప్పసారా తాగుతాడు. కాలు విరిగి భద్రాచలంలో ఆసుపత్రిలో ఉన్నాడు. డాక్టరుగారు పావుగంట కూర్చుని తాగుడు గురించి మాట్లాడారు. అంతమాత్రాన మారతాడా?
– ఒక చెల్లెలు, పర్ణశాల

జవాబు: ఆ పావుగంటను తక్కువ చేయకండమ్మా. ఆసుపత్రిలో చేరిన తాగుబోతులపై జరిగిన 14 అధ్యయనాలను కోక్రేన్ సంస్థ 2011లో సమీక్షించింది. డాక్టర్లు ఇలా మాట్లాడి సలహా ఇచ్చినవారిలో, సలహా అందనివారికంటే ఆరు, తొమ్మిది నెలలకు తాగే మోతాదు తగ్గింది. ఏడాదికి ఆ తేడా నిలవలేదు. అందుకే ఇంటికొచ్చాక కూడా ఆ మాట కొనసాగాలి.

తిట్టడం, ఒట్టు వేయించుకోవడం పనిచేయవు. ఎంత తాగుతున్నాడో, ఎంతకు తగ్గించగలడో అతని నోటితోనే చెప్పించాలి. ఇప్పసారా ఘాటు ఏ సీసా మీదా రాసి ఉండదు కాబట్టి గ్లాసులు, తాగిన రోజులు లెక్కపెట్టండి.

నాకు అసలు భయం వేరే ఉంది. పొద్దున్నే చేతులు వణికి, గ్లాసు పడితేగానీ కుదుటపడని మనిషికి ఈ సలహా ఒక్కటే చాలదు. తాగుడు ఆగిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పవచ్చు. అది ప్రాణాంతకం. మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు సమయానికి అందాలి. పరువు పోతుందని దాచకుండా, చివరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో ఇవాళే వార్డు డాక్టరుకు చెప్పండి. తర్వాత సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.