డాబా మీద కెమెరా: ఉల్కల రికార్డింగులో నేర్చుకున్నవి

ఉల్కలు రికార్డు చేస్తామంటూ విజయవాడ భవానీపురం కుర్రాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. అందమైన వీడియో ఒకటి దొరికితే చాలనుకునేవాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. రేపు ఇంకొకరు లెక్క కట్టుకోవడానికి పనికొచ్చే రికార్డు కావాలంటేనే ఇవన్నీ.

1. ముందు చీకటి దిక్కు వెతకండి. మనకు తూర్పున ఊరి వెలుగు, వాయవ్యాన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వెలుగు. కాస్త నయమైన దిక్కు దక్షిణమే, కృష్ణ వైపు. నది మీద వీధిదీపాలు ఉండవు కదా. కెమెరాను అటు తిప్పి, 60 డిగ్రీలు పైకెత్తి బిగించండి. కిందికి వంచితే అవతలి ఒడ్డు దీపాలు ఫ్రేములోకి వస్తాయి.

2. కెమెరా ఖరీదు కన్నా సెట్టింగులు ముఖ్యం. సీసీ కెమెరాల్లో వచ్చే సోనీ ఐఎంఎక్స్ 291 లాంటి సెన్సరు, వెడల్పాటి లెన్సు, ఒక రాస్ప్‌బెర్రీ పై ఉంటే పని మొదలుపెట్టొచ్చు. కానీ ఆ కెమెరాను తయారు చేసింది దొంగల్ని పట్టడానికి. చీకటి పడగానే అది తనంతట తానే షట్టరు వేగం తగ్గించేస్తుంది. దాంతో ఫ్రేములు తగ్గుతాయి. వాటిని సెకనుకు 25 దగ్గర కట్టేయండి. జెమినిడ్ ఉల్క సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకు 1.4 కిలోమీటర్లు. ఫ్రేముల లెక్క తప్పిందంటే వేగం తప్పుతుంది, దాంతో కక్ష్య కూడా తప్పుతుంది. త్రీడీ నాయిస్ రిడక్షన్ ఇంకా ప్రమాదం. వరుస ఫ్రేములను పోల్చి, నిలకడగా లేనిదాన్ని మరకగా భావించి చెరిపేస్తుంది. ఐదారు ఫ్రేముల్లో మెరిసి పోయే సన్నని ఉల్క దానికి మరకే! తప్పకుండా ఆపేయండి. ఇన్‌ఫ్రారెడ్ దీపాలూ ఆపండి, అవి వెలిగితే పురుగులు తప్ప ఏమీ కనిపించవు.

3. గడియారం. రాస్ప్‌బెర్రీ పై పాత మోడళ్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చాక నెట్ అందకపోతే అది పాత టైమునే పట్టుకుని నడుస్తుంది. నాలుగు నిమిషాలు తేడా వచ్చిందంటే ఆకాశం ఒక డిగ్రీ తిరిగిపోయినట్టే. చిన్న యూపీఎస్ పెట్టండి, నెట్ నమ్మకం లేకపోతే జీపీఎస్ తగిలించండి.

4. మన వానలకు తగ్గట్టు ఆశ పెట్టుకోండి. ఆగస్టు 12, 13 పర్సీడ్ల గురించి పేపర్లన్నీ రాస్తాయి, మనకు అప్పుడు మబ్బు. నవంబరు 17 ప్రాంతంలో లియోనిడ్లు, అర్ధరాత్రి దాటాకే. మన పంట డిసెంబరు 13, 14 జెమినిడ్లు. మామూలుగా ఉల్కాపాతాలకు మూలం తోకచుక్కల ధూళి. వీటికి మాత్రం 1983లో కనుక్కున్న ఫేథాన్ అనే గ్రహశకలం. ఇవి వెలువడుతున్నట్టు కనిపించే చోటు రాత్రి రెండింటికి దాదాపు మన నడినెత్తికి వస్తుంది. ఆ నెలలోనే నది మీంచి మంచు లేచి లెన్సు అద్దాన్ని తడిపేస్తుంది. కవరు లోపల చిన్న హీటరు ఉండాలి.

5. పొద్దున్నే కూర్చుని చూడండి. గబ్బిలాలు, గన్నవరం విమానాలు, శాటిలైట్లు, దీపావళి రాకెట్లు అన్నిటినీ సాఫ్ట్‌వేరు ఉల్కలనే అనుకోవచ్చు. ఏరాల్సింది మన కళ్లే.

6. ఏమీ పడని రాత్రిని కూడా రాసిపెట్టండి. నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది దీని దగ్గరే. ఎన్ని ఉల్కలు పడ్డాయన్నది సగం సమాచారమే, ఎన్ని గంటలు ఆకాశం తెరిపిగా ఉందన్నది మిగతా సగం. ఆ రెండోది లేకపోతే ఈ ఏటి జెమినిడ్లను నిరుటివాటితో పోల్చలేం. మన దగ్గర ఉల్కల లెక్క రాయడం కొత్తేమీ కాదు. ఉస్మానియా కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసిన మహమ్మద్ అబ్దుర్ రహమాన్ ఖాన్ గారు ఏ కెమెరా లేకుండా కంటితోనే హైదరాబాద్‌లో ఉల్కలను చూసి, వివరాలు రాసి విదేశీ పత్రికలకు పంపేవారు. వాల్తేరులో 1961-67 మధ్య జెమినిడ్లను రేడార్‌తో లెక్కపెట్టారు. 2013 నుంచి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉల్కల రేడార్ ఉంది. రేడార్‌కు మబ్బు అడ్డు కాదు, పగలూ అడ్డు కాదు. మనకు రెండూ అడ్డే, అందుకే తెరిపి గంటల లెక్క మనకు ఇంకా అవసరం.

7. రెండో డాబా వెతకండి. ఒక్క కెమెరాతో ఉల్క దిక్కే తెలుస్తుంది, ఎత్తు తెలియదు. అదే ఉల్కను దూరాన ఇంకో కెమెరా కూడా పడితే ఎత్తు, వేగం, సూర్యుడి చుట్టూ అది తిరిగిన దారి అన్నీ కట్టొచ్చు. 2018లో మొదలైన గ్లోబల్ మీటియర్ నెట్‌వర్క్ నడిచేది ఈ పద్ధతిలోనే. వాళ్ల సాఫ్ట్‌వేరు ఉచితం, ఎవరైనా చేరొచ్చు. మనకు బందరు సరిపోతుంది, గీత గీసినట్టు చూస్తే 65 కిలోమీటర్ల పైమాటే. రెండు కెమెరాలనూ రేపల్లె మీద 100 కిలోమీటర్ల ఎత్తుకు గురిపెట్టాలి. ఇక్కడి నుంచి 60 డిగ్రీలు, అక్కడి నుంచి 70 డిగ్రీలు ఎత్తితే చాలు. బందరులో మీ మేనత్తో బాబాయో ఉంటే ఈ డిసెంబరు లోపే అడగండి. వాళ్ల డాబా మీద ఒక ప్లగ్గు, ఇంట్లో నెట్, కెమెరా వైపు తిరిగిన లైటును రాత్రిపూట ఆపడానికి ఒప్పుకోలు, ఈ మూడూ కావాలి.