నేల కింద బోలు

వాన వెలిసింది. కోడలు వాకిలి ఊడుస్తోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. నేల మీద పొడుగాటి పగులు! నిన్న లేదు. గోడ దాకా పోయింది.

"అత్తమ్మా, ఇటు చూడు."

అత్త చూసింది. ముఖం చిన్నబోయింది.

"దగ్గరికి పోకు బిడ్డా. పిల్లల్ని, బర్రెను అవతలికి తోలు. మన కింద పాత బాయి ఉంది."

"బాయి మూసేసిండ్రు గద?"

"మూతి మూసిండ్రు. లోపల బోలుగనే ఉంది."

అత్త మాట నిజమే. తెలంగాణలో 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది. గనిలో బొగ్గు తీసేటప్పుడు నడుమ నడుమ బొగ్గు స్తంభాలు వదులుతారు. ఇంటిని గుంజలు మోసినట్టు, పైనున్న భూమిని అవి మోస్తాయి. ఏళ్లు గడిస్తే స్తంభాలు పెళ్లలుగా రాలవచ్చు. కొన్నిచోట్ల చివరికి స్తంభాలను కూడా తవ్వుతారు. అప్పుడు కప్పు కూలుతుంది. పైన నేల కుంగుతుంది.

పగుళ్ల గుండా గాలి పోతే లోపలి బొగ్గు అంటుకోవచ్చు. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916లో అలాంటి నిప్పు బయటపడింది. నేటికీ కొన్నిచోట్ల రగులుతోంది.

మరి దీనికి మందు ఏమిటి? బోలును నింపడమే.

సింగరేణి గనుల్లో గోదావరి ఇసుకతో నింపారు. ఇసుకను నీళ్లతో కలిపి గొట్టం గుండా లోపలికి పంపుతారు. నీరు వడిసిపోతుంది. దాన్ని పంపుతో బయటికి తోడేస్తారు. ఇసుక గట్టిగా కూర్చుంటుంది. మూసిన గని అయితే పైనుంచి బోరు వేస్తారు. అందులోంచి ఇసుక పోస్తారు. లేదా బూడిద, సిమెంటు, నీళ్లు కలిపిన జావ పోస్తారు.

ముందు బోలు ఎక్కడుందో తెలియాలి. అందుకు గని పటం చూడాలి. పటం సరిగా లేకపోతే బోర్లు వేసి వెతకాలి.

కోడలు పలక పక్కన పెట్టి కాగితం తీసింది. పగులు కనిపించిన తేదీ రాసింది. ఎన్ని అడుగుల పొడవో రాసింది. దగ్గర ఎన్ని ఇళ్లున్నాయో రాసింది. "మా ఇళ్ల కింది గని పటం చూపించండి. బోలు నింపించండి" అని రాసింది. కింద సంతకం చేసింది.

"నా సంతకం కూడా పెడత. ఇటియ్యి" అంది అత్త.

వాడలోని ఆడవాళ్లందరూ సంతకాలు చేశారు. అర్జీ ఒకటి గని ఆఫీసుకు, ఒకటి తహసీల్దారుకు ఇచ్చారు.

గుర్తుంచుకోండి:
గోడలు పగిలినా, తలుపులు బిగుసుకుపోయినా, నేల కుంగినా, పగుళ్లలో పొగ వచ్చినా వెంటనే దూరం జరగండి. గుంతను మీరే పూడ్చబోకండి. అంచు విరిగి పడవచ్చు.

మాట్లాడుకోండి:
1. బొగ్గు స్తంభాలు ఎందుకు వదులుతారు?
2. అర్జీలో కోడలు ఏమేమి రాసింది?
3. మీ ఊరి కింద పాత గని ఉందా? ఎవరిని అడగాలి?