వంశంలో ఆయాసం ఉంటే పిల్లలకూ తప్పదా?



చలి మొదలైతే పిల్లల్లో దగ్గు, ఆయాసం పెరుగుతాయి. "తాతయ్యకు ఉబ్బసం ఉంది, వీడికీ తప్పదేమో" అని ఇంట్లో అనుకోవడం మామూలే. పదో తరగతి పిల్లలు చదివే 'అనువంశికత' పాఠంలో ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది. ఈ నెల ఆ పాఠాన్ని మనమూ చదువుదాం.

ఉబ్బసం సంగతి

ఉబ్బసాన్ని తెచ్చే జన్యువు ఒక్కటంటూ లేదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం ప్రమాదాన్ని పెంచుతాయి. అమ్మకో నాన్నకో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువే. అయినా రాకపోవచ్చు కూడా. దాన్ని రెచ్చగొట్టేవాటిలో చాలా మన చేతిలో ఉన్నవే: కట్టెల పొయ్యి పొగ, బీడీ, చుట్ట, దోమల కాయిల్, దుమ్ము.

ఒక్క జన్యువుతో వచ్చేవి

కొన్ని జబ్బులు అలా కాదు. వాటిలో ఒకే జన్యువు దెబ్బతింటుంది. దెబ్బతిన్న ప్రతి ఒకటే ఉన్నవారు వాహకులు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మెండెల్ బఠానీ మొక్కల లెక్కే ఇది.

మనకు దగ్గరి ఉదాహరణ సికిల్ సెల్ వ్యాధి. నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు వెళ్తే వచ్చే మన్యంలో ఇది ఎక్కువ. ఎందుకంటే సికిల్ సెల్ వాహకులకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. తరతరాలుగా మలేరియా ఉన్న చోట ఆ జన్యువు అలా నిలిచిపోయింది. ఇందులో ఏ కులం, ఏ తెగ తప్పూ లేదు. ఇది రక్తానికి సంబంధించిన జబ్బే అయినా, కొడవలిలా వంగిన కణాలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇరుక్కుంటే జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తాయి. అది ప్రాణాపాయం. అలాంటప్పుడు మామూలు దగ్గు మందుతో ఆగకూడదు.

అందరి జన్యువులూ ఒకటి కావు

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బులో ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుని మాటిమాటికీ న్యుమోనియా వస్తుంది. దీనికి కారణమైన జన్యువును 1989లో కనుగొన్నారు. యూరప్ వారి లోపభూయిష్ట జన్యువుల్లో దాదాపు 70 శాతం ఒకే రకం మార్పు కలిగి ఉంటాయి. మన దేశపు పిల్లల్లో ఆ మార్పు వాటా తక్కువ, వేరే మార్పులు ఎక్కువ. అందుకే యూరప్ జాబితా మాత్రమే చూసే పరీక్షలో 'లేదు' అని వచ్చినా, జబ్బు లేదని ఖాయం చేసుకోలేం. చెమటలో ఉప్పు కొలిచే పరీక్ష ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది.

ఈ కొరత తీర్చడానికే మన దేశంలో పదివేల మంది జన్యుక్రమాలు చదివే 'జీనోమ్ ఇండియా' పని జరిగింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అందులో భాగస్వామి. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఆన్‌లైన్‌లో అమ్మే జన్యు పరీక్షల కిట్లు ఇచ్చే 'రిస్క్ స్కోరు' యూరప్ వారి లెక్కల మీద కట్టినదైతే, మన పిల్లలకు అంత సరిగ్గా సరిపోదు.

మేనరికం మాట

మేనత్త, మేనమామ పిల్లలకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకు, మేనకోడలికి నాలుగో వంతు. కాబట్టి ఇద్దరూ ఒకే జబ్బుకు వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. మీది మేనరికమైతే డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. జబ్బు బిడ్డ పుడితే కోడలిని నిందించకండి. ఇలాంటి జబ్బులో రెండు వైపుల నుంచీ జన్యువు రావాల్సిందే.

ఎప్పుడు వెళ్లాలి?

• ఏడాదిలో రెండు మూడుసార్లు న్యుమోనియా వస్తే
• తిన్నా బరువు పెరగకపోయినా, జిడ్డుగా విరేచనాలవుతున్నా
• ముద్దు పెట్టుకుంటే చర్మం బాగా ఉప్పగా ఉంటే
• రాత్రుళ్లు పిల్లికూతలు, దగ్గు ఆగకపోతే

వీటిలో ఏదున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, సికిల్ సెల్ ఉన్న బిడ్డకు జ్వరంతో ఛాతీ నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో చేయండి

ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని మూడు తరాల వంశవృక్షం గీయండి. అమ్మ వైపు, నాన్న వైపు రెండూ ఉండాలి. ఎవరికి ఉబ్బసం, ఎవరికి సికిల్ సెల్, చిన్న వయసులో ఎవరు పోయారు, ఎక్కడ మేనరికం జరిగింది, అన్నీ రాయండి. అమ్మమ్మను, నానమ్మను అడగండి. వాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆ కాగితం ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట ఉంచుకోండి. బిడ్డకు ఇన్‌హేలర్ వాడుతుంటే క్లాస్ టీచరుకు తప్పక చెప్పండి, ఒకటి స్కూలు బ్యాగులో పెట్టండి.