ముందు ఎనిమిది కార్డ్‌లు, ఆ తర్వాతే లావు పుస్తకం

సందేహం: మా బాబుకి పదేళ్లు. గిటార్ కొనిచ్చాం. షాపులో వేల కార్డ్‌లున్న లావుపాటి పుస్తకం చూపించారు. ఒకేసారి పెద్దది కొనేస్తే మళ్లీ కొనక్కర్లేదని మావారు అంటున్నారు. కొనమంటారా?
- ఓ తల్లి, అల్ నహదా, షార్జా

సమాధానం: ఇప్పుడే వద్దమ్మా. అది నిఘంటువు లాంటిది. నాలుగు పాటలు వచ్చాక, తెలియని కార్డ్ ఎదురైనప్పుడు తీసి చూసుకోవడానికి పనికొస్తుంది. మొదట్లో బాబుకి కావలసినవి ఎనిమిదే: సి, ఎ, జి, ఇ, డి మేజర్లు, ఎ, ఇ, డి మైనర్లు. ఏ కార్డ్‌కి ఆ కార్డ్ పట్టడం అంత కష్టం కాదు. తాళం తప్పకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి వేళ్లు మార్చడమే కష్టం. లావు పుస్తకాలు బొమ్మలు వేసి ఊరుకుంటాయి, ఆ మార్పిడి గురించి ఒక్క ముక్కా చెప్పవు.

షాపులో పుస్తకం చేతికి రాగానే విషయసూచిక చూడండి. కార్డ్‌లు ఎ నుంచి జి దాకా అక్షరక్రమంలో ఉంటే అది వెతుక్కునే పుస్తకం. జి, సి, డి ఒక పాఠంలో, ఎ మైనర్, డి మైనర్, ఇ మరో పాఠంలో ఉంటే నేర్పే పుస్తకం. పాటల్లో అవి అలా జట్లుగానే వస్తాయి మరి. తర్వాత ఎఫ్ మేజర్ పేజీ తీయండి. చూపుడువేలితో ఆరు తీగలూ అదిమిపట్టే ఎఫ్ పదేళ్ల చేతికి శిక్షే. అంతకంటే ముందు మూడు నాలుగు తీగలతో సరిపెట్టే చిన్న ఎఫ్ చూపించారంటే, రాసినవాళ్లు పిల్లలకు నేర్పినవాళ్లని నేను నమ్ముతాను. బొమ్మ మీద ఇంటూ గుర్తుంటే ఆ తీగ మీటకూడదని, సున్నా ఉంటే వేలు పెట్టకుండా మీటాలని, 1 నుంచి 4 అంకెలు చూపుడువేలి నుంచి చిటికెనవేలి వరకని మొదట్లోనే చెప్పి ఉండాలి. స్పైరల్ బైండింగ్ అయితే మరీ మంచిది. రెండు చేతులూ గిటార్ మీద ఉంటే మూసుకుపోయే పుస్తకాన్ని పట్టుకునేదెవరు?

పేరు చెప్పమంటే, విల్ ష్మిడ్, గ్రెగ్ కోక్ రాసిన హాల్ లెనార్డ్ గిటార్ మెథడ్ మొదటి భాగం చెబుతాను. అందులో ముందు ఒక్కొక్క స్వరం, ఆ తర్వాత కార్డ్‌లు వస్తాయి. బాబుకి అంత ఓపిక లేకపోతే పక్కనే ఓ పల్చటి కార్డ్ పుస్తకం చాలు. దుబాయ్ మాల్‌లోని కినోకునియాలోనో, నవంబరులో మీ షార్జా ఎక్స్‌పో సెంటర్లో జరిగే పుస్తక ప్రదర్శనలోనో బాబుని వెంటబెట్టుకెళ్లి, వాడి చేతే పేజీలు తిప్పించి కొనండి. అన్నట్టు, వేసవిలో గిటార్‌ని కారులో వదిలేయకండి. ఆ వేడికి జిగురు కరిగి బ్రిడ్జి ఊడి వస్తుంది.

సందేహం: మా అమ్మాయి కర్ణాటక సంగీతంలో గీతాల వరకు నేర్చుకుంది. ఇప్పుడు గిటార్ మీద తెలుగు పాటలు వాయిస్తానంటోంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో మన పాటలుండవు కదా. ఏం చేయాలి?
- ఓ తండ్రి, ముసఫా, అబుదాబి

సమాధానం: మీ అమ్మాయికి సగం దారి ముందే తెలుసు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి మోగిస్తే మేజర్ కార్డ్. ఆ గాంధారాన్ని సాధారణ గాంధారం చేస్తే మైనర్. ఈ ఒక్క సంగతి తెలిస్తే పుస్తకంలో ఉన్న బొమ్మలు బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గుతుంది. కీరవాణినే తీసుకోండి. ఎ ని షడ్జమం చేసుకుంటే స-గ-ప ఎ మైనర్, మ-ద-స డి మైనర్. కాకలి నిషాదం ఉంది కాబట్టి ప-ని-రి మాత్రం ఇ మైనర్ కాదు, ఇ మేజర్. సినిమా పాటల్లో ఈ మూడింటి జట్టు తరచూ వినిపిస్తుంది. ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం అందుకున్న ఇళయరాజా పాటలు ఈ చెవితో వినమనండి.

అమ్మాయి ఐదో శ్రుతిలో పాడుతుంటే షడ్జమం జి అవుతుంది, జి పట్టే ఆధారం. ఐదున్నర అయితే మొదటి ఫ్రెట్‌కి కేపో అనే క్లిప్పు బిగించి అవే పట్లు వాయించాలి. కాబట్టి కేపో గురించి ఒక పాఠమైనా ఉన్న పుస్తకం ఎంచుకోండి. గమకాలే ప్రాణమైన తోడి లాంటి రాగాలకు మాత్రం కార్డ్‌లు వేయనివ్వకండి. రాగం దెబ్బతింటుంది.

సందేహం: మాది జగిత్యాల. సోనాపూర్ క్యాంపులో ఉంటున్నా. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అన్న ఊరెళ్తూ తన గిటార్, ఓ పాత కార్డ్ పుస్తకం ఇచ్చిపోయిండు. పాటల మీద కార్డ్ పేర్లు రాసి ఉన్నయి. దీంతోటే నేర్చుకోవచ్చా?
- ఓ కార్మికుడు, దుబాయ్

సమాధానం: నిశ్చింతగా నేర్చుకో తమ్ముడూ. ఫిలిప్పీన్స్‌లో 1970లో మొదలైన జింగిల్ పత్రిక ఇలా మాటల మీద కార్డ్‌లు అచ్చేసే చాలామందికి గిటార్ నేర్పింది. రెండు మూడు కార్డ్‌లే ఉన్న పాటలు వెతికి వాటితో మొదలుపెట్టు. ముందు ఇ మేజర్ పట్టు. అవే మూడు వేళ్లను అదే ఆకారంలో సన్న తీగల వైపు ఒక్క తీగ జరిపితే ఎ మైనర్ అవుతుంది. కొత్త పట్టేమీ నేర్వకుండానే రెండు కార్డ్‌లు వచ్చినట్టు. శ్రుతి చేసుకోవడానికి ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ చాలు. మొదట్లో వేళ్ల కొసలు మండుతాయి. రోజూ కాస్సేపే వాయిస్తే చర్మం గట్టిపడుతుంది. నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లు గదిలో పడుకుని ఉంటే, బ్రిడ్జి దగ్గర తీగల కింద చేతిరుమాలు మడిచి దూర్చు. చప్పుడు నీ ఒక్కడికే వినపడుతుంది.