గుడ్డ పొరలతో కత్తిపిడి

ఓడలరేవు వైనతేయ గోదావరి సముద్రమున కలియు చోట నున్న గ్రామము. ఇట్టి తీరమున ఉప్పునీట తడిసి, ఎండలో ఆరి, చేపల కత్తి కొయ్యపిడి పగిలి వదులగును. తడిచేతిలో వదులు పిడి ప్రమాదకరము.

దీనికి విరుగుడు గుడ్డయందే కలదు. 1907లో బేక్‌లాండ్ బేకలైటును కనుగొనెను. 1910 ప్రాంతమున అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థ గుడ్డ, కాగితముల పొరలను అట్టి జిగురుతో వేడియందు అదిమి ‘మైకార్టా’ను చేసెను. మొదట అది విద్యుద్బంధకముగా ఉపయోగపడెను. నూలుపోగులు లాగుడును తట్టుకొనును. జిగురు పోగులను కదలనీయక నీటిని అడ్డుకొనును.

ఇంట అంతటి వేడి, ఒత్తిడి సాధ్యము కావు. కావున మనము ఎపాక్సీని వాడుదము. పాత నూలుగుడ్డను ఉతికి, గంజి పోగొట్టి, ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను. తేమ మిగిలినచో జిగురు సరిగా గట్టిపడదు. రెండు ద్రవములను డబ్బాపై చెప్పిన పాళ్లలోనే, కొద్దికొద్దిగా కలుపవలెను. ఎక్కువ మొత్తము ఒకేచోట నున్నచో వేడెక్కి పొగలు వచ్చును. పొరలను ఒక్కొక్కటిగా తడిపి పేర్చి, పాలిథీన్ చుట్టిన రెండు పలకల నడుమ బిగించి, కనీసము ఒక దినము కదల్పరాదు. మిల్లీమీటరులో మూడవ వంతు మందము గల గుడ్డ 24 పొరలైనచో సుమారు 8 మిల్లీమీటర్ల పలక వచ్చును.

చేతులకు తొడుగులు, గదికి గాలి తప్పనిసరి. కోయునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము. ధూళిని ఆపు ముసుగు ధరించి, గరుకు కాగితముతో తడిపి రాయవలెను.

చేతికి రక్షణ కల్పింపబూనిన మనము ఊపిరిని మరువరాదు. ఈ జాగ్రత్త పాటించినచో చినిగిన లుంగీయైనను చిరకాలము చేతికి పట్టునిచ్చును.